రాగిజావలో మాత్ర

"వేసుకుంది డాక్టరుగారూ. నేనే ఇచ్చాను."

జ్ఞానకుమారి ఈ మాట అన్నచోట పోయినవారం మనం ఆగిపోయాం. ఆ గదిలో ఉన్న ముగ్గురూ కదలకుండా మనకోసం కాచుకుని ఉన్నారు కాబట్టి ముందు వాళ్ళ దగ్గరికే వెళదాం. పంజగుట్ట సెంటరులో కళ్ళజోళ్ళ షాపు పైన, మొదటి అంతస్తులో డాక్టర్ హనుమత్ప్రసాద్ గది. బల్లకి అవతల ఆయన. ఇవతల షెర్లిన్. పక్క కుర్చీలో ఆమె తల్లి జ్ఞానకుమారి, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు.

ముందు భాగాలు చదవనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. షెర్లిన్ పంజగుట్టలోనే ఒక మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఆఫీసులో పనిచేస్తుంది. అమెరికా డాక్టర్లు తమ పేషెంట్ల గురించి రికార్డు చేసి పంపిన మాటలు చెవుల్లో పెట్టుకుని విని టైపు చెయ్యడం ఆ పని. పోయిన చలికాలంలో ఆమెకి కారణం లేని భయం పట్టుకుంది. లిఫ్టు ఎక్కితే గుండె గొంతులోకి వచ్చేది. రాత్రి నిద్ర లేదు, పగలు కుదురు లేదు, బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చేది. ఈ డాక్టరే చూసి మాత్రలు రాశాడు. కొనుక్కుంది గానీ ఒక్కటీ మింగలేదు. చర్చిలో సంఘ కార్యదర్శి అయిన తండ్రి దయానందం ఆమె కోసం ఉపవాస ప్రార్థన పట్టాడు. కొన్ని వారాలకి షెర్లిన్ తేరుకుంది, నవ్వింది, చర్చిలో మైకు పట్టుకుని దేవుడు నన్ను బాగుచేశాడని సాక్ష్యం చెప్పింది. వానలు మొదలయ్యేసరికి ఆ భయం మళ్ళీ వచ్చి కూర్చుంది. ఈసారైనా మాత్రలు వేసుకోవాలా వద్దా తేల్చుకోలేక, తండ్రికి చెప్పకుండా, తల్లిని వెంటపెట్టుకుని ఇక్కడికి వచ్చింది. పోయినసారి మాత్రలు ఎలా పనిచేశాయని డాక్టరు అడిగాడు. నేనసలు వేసుకోనే లేదని షెర్లిన్ అంది. తల్లి అన్న మాట మీరు పైన చదివారు.

షెర్లిన్ ముందు నవ్వింది. అమ్మ ఏదో పొరపాటు పడింది, వేరే మాత్రల సంగతి చెబుతోంది అనుకుంది. జ్ఞానకుమారి బ్యాగు జిప్పు తీస్తూ మూస్తూ బల్లవైపు చూసి మాట్లాడింది. పొద్దున్న స్కూలుకి వెళ్ళేముందు రాగిజావ కాస్తుంది కదా, అందులో. రెండు చెంచాల మధ్య మాత్ర పెట్టి నలిపితే పొడి అవుతుంది. ఉప్పు వేసి మజ్జిగ పోస్తే చేదు తెలియదు. షెర్లిన్ బీరువాలో దుప్పట్ల కింద పడేసిన మాత్రలు అయిపోతే, అదే చీటీ పట్టుకెళ్ళి ఇంకొన్ని తెచ్చింది. మిషన్ స్కూల్లో చిన్నపిల్లలకి తెలుగు చెప్పే మనిషి కదా, పాఠం అప్పజెప్పినట్టు వరసగా చెప్పింది.

షెర్లిన్ నవ్వు ఆగిపోయింది. కుర్చీ కింద ఆమె కుడికాలు ఆడటం మొదలుపెట్టింది. ఆఫీసులో, విన్న మాట మళ్ళీ వినాలంటే కాలికింద పెడల్ నొక్కాలి. కొంతకాలంగా పెడల్ లేనిచోట కూడా ఆ కాలు నొక్కుతూనే ఉంది.

ఎప్పటిదాకా ఇచ్చారని డాక్టరు అడిగాడు. సాక్ష్యం చెప్పిన ఆదివారం దాకా అంది జ్ఞానకుమారి. తర్వాత? తర్వాత ఇవ్వలేదు. కొంచెం కొంచెంగా తగ్గించారా, ఒక్కసారి ఆపేశారా? ఒక్కసారే. ఎందుకని ఆయన అడిగితే మాత్రం ఆమె మళ్ళీ బ్యాగు జిప్పు తీసి మూసింది.

హనుమత్ప్రసాద్ గొంతు పెంచే మనిషి కాదు. ఎవర్నైనా తిట్టాల్సి వస్తే కళ్ళజోడు తీసి బల్లమీద పెడతాడు. ఇప్పుడు తీశాడు. వయసొచ్చిన పిల్లకి తెలియకుండా మందు పెట్టడం ఒక తప్పు, చెప్పాపెట్టకుండా ఆపడం ఇంకో తప్పు అన్నాడు. సాక్ష్యం తర్వాత కొన్నాళ్ళు తల తిరిగి, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనేదని షెర్లిన్ వచ్చీరాగానే ఆయనకి చెప్పుకుంది, అది మందు ఉన్నట్టుండి ఆగినందుకట. ఆ తర్వాత వచ్చింది పాత జబ్బేనట. వంకర దారిలోనే అయినా ఒక సంగతి తేలింది, ఈ మందు మీకు పడుతుంది అన్నాడు షెర్లిన్‌తో. వేసుకోవడమా మానడమా అన్నది ఆమె ఇష్టం. మొదలుపెడితే మాత్రం నెలల తరబడి వాడాలి, తనతో చెప్పకుండా ఆపకూడదు. చీటీ రాసి ఆమె ముందుకు తోశాడు.

"అయితే నన్ను బాగుచేసింది దేవుడు కాదా డాక్టరుగారూ?"

ఆయన వెనక గోడమీద వేంకటేశ్వరస్వామి క్యాలెండరు ఉంది. ఒకసారి దానివైపు తిరగబోయి మానుకున్నాడు.

"అది చెప్పే చదువు నేను చదవలేదమ్మా. మీ గుండెదడ సంగతి అడగండి, చెబుతాను."

బయటికొచ్చాక తల్లి ఆటోని పిలిచింది. షెర్లిన్ అమీర్‌పేట వైపు నడక మొదలుపెట్టింది. కూర్చుంటే గుండె చప్పుడు వినపడుతుంది, నడిస్తే బస్సుల హారన్లు వినపడతాయి. ఆమెకి హారన్లే నయమనిపించాయి. శనివారం మధ్యాహ్నం, ఎండా మబ్బూ కలిసిన ఉక్క. జ్ఞానకుమారికి మోకాళ్ళ నొప్పులు. కుచ్చిళ్ళు ఒక చేత్తో, బ్యాగు ఒక చేత్తో పట్టుకుని కూతురి వెనక పరుగులాంటి నడక నడిచింది.

కోపానికి ఒక్క కారణమే ఉంటే మనిషి తిన్నగా తిట్టగలుగుతాడు. షెర్లిన్‌కి కారణాలు ఎక్కువైపోయాయి. నాకు తెలియకుండా నా నోట్లో మందు పోసింది. నాకు తెలియకుండానే ఆపేసింది. మళ్ళీ ఈ భయం మొదలయ్యాక, నీ విశ్వాసం ఎక్కడో సడలింది చూసుకోమ్మా అని నాన్న రోజూ అంటుంటే, పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు వలుచుకుంది. ఈ మూడోది తలుచుకున్నప్పుడల్లా షెర్లిన్ అడుగు ఇంకొంచెం వేగంగా పడింది. ఎన్ని పూటలు మోకాళ్ళమీద కూర్చుని తన తప్పేమిటో వెతుక్కుందో ఆమెకే తెలుసు.

"నాన్నకి తెలుసా?" అంది వెనక్కి తిరక్కుండా.

"తెలిస్తే ఆయన ఉపవాసం ఏమైపోవాలి?"

ఆ ఉపవాసాన్ని తేలిగ్గా తీసెయ్యడానికి లేదు. టెలిఫోన్స్‌లో ఉద్యోగం చేసుకుంటూ, పగలంతా ఉత్త మంచినీళ్ళ మీద ఉండి, సాయంత్రం ఒక్కపూట తిని, బెల్టుకి కొత్త చిల్లు పొడిపించుకున్న మనిషి దయానందం. కూతురు తేరుకున్నాక ఆ బెల్టుని ఇంటికొచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. చూపించేటప్పుడు ఆయన కళ్ళు తడిసేవి కాబట్టి ఎవరూ నవ్వలేకపోయేవారు.

ఇక ఆ సాక్ష్యం సంగతి. ఆదివారం ఆరాధనలో వాక్యం చెప్పేముందు, దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకునేవాళ్ళు ముందుకు రావచ్చంటారు పాస్టరుగారు. అమీర్‌పేట చర్చి కాబట్టి ఆ రోజుల్లో మేళ్ళన్నీ ఒక్క తీరుగానే ఉండేవి. టెస్టింగ్ టూల్స్ నేర్చుకోగానే ఉద్యోగం, మద్రాసు కాన్సులేట్‌లో ప్రశ్నే అడక్కుండా వీసా స్టాంపింగ్, బెంగళూరులో ప్రాజెక్టు. జనం అలవాటుగా ఆమెన్ అని వాచీ చూసుకునేవారు. అలాంటిచోట ఒక ఆడపిల్ల నిలబడి, నా మనసు పాడైంది, బతకాలనిపించలేదు, మాత్ర ఒక్కటీ మింగకుండానే ఇప్పుడు ఆదమరిచి నిద్రపోతున్నాను అని చెప్పింది. మనసు పాడైందన్న మాట ఆ మైకులో అంతవరకూ ఎవరూ పలకలేదు. ఎవరూ వాచీ చూసుకోలేదు. ఆ మాటలు క్యాసెట్లకెక్కి కూకట్‌పల్లి దాకా పోయాయి. ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళు ఫోను చేసి, మా పిల్లకోసం ప్రార్థన చెయ్యమ్మా అని అడిగేవారు. షెర్లిన్ చేసేది కూడా. నిజంగా నమ్మే చేసేది.

అమీర్‌పేట దగ్గర పడేకొద్దీ జనం చిక్కబడ్డారు. ఏదో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో డెమో క్లాసు అప్పుడే వదిలారు. మెట్లమీంచి కుర్రాళ్ళు గుంపుగా దిగి ఫుట్‌పాత్ అంతా ఆక్రమించారు. పాంప్లెట్లు పంచే మనిషి షెర్లిన్‌కి ఒకటి, ఆమె తల్లికి ఒకటి ఇచ్చాడు. ఒరాకిల్ నేర్చుకుంటే ఉద్యోగం గ్యారంటీ అట. దారి దొరక్క షెర్లిన్ ఆగాల్సి వచ్చింది. ఆగగానే కాలు ఆడటం మొదలుపెట్టింది.

"ఎందుకు ఆపావమ్మా? ఇచ్చినందుకు అడగట్లేదు. ఆపిందెందుకు?"

జ్ఞానకుమారి చేతిలో ఉన్న పాంప్లెట్‌తో మొహం తుడుచుకోబోయి, అది కాగితమని తెలిసి కొంగు తీసుకుంది.

"ఆరోజు నువ్వు మైకులో మాట్లాడుతుంటే నేను ఏడ్చాను చూశావా? దొంగ ఏడుపు కాదే అది. నువ్వు చెబుతున్నంతసేపూ నాకు మాత్రల సంగతే గుర్తులేదు. నా పిల్లని దేవుడు ముట్టాడు అనుకున్నాను. అక్కడున్నవాళ్ళందరి కంటే ముందు నేనే నమ్మాను."

"నలిపి పోసిందానివి నువ్వే కదమ్మా!"

"నేనే. అయినా నమ్మాను." జ్ఞానకుమారి ఊపిరి తీసుకుంది. "మర్నాడు పొద్దున్న చెంచాలు తీశాను. చెయ్యి రాలేదు. ఆయన బాగుచేశాక ఇంకా మాత్ర వేస్తే, ఆయన్ని అనుమానించినట్టే కదా అనిపించింది. మిగిలినవి సింకులో పోసి నీళ్ళు వదిలేశాను. ఆరోజు ఎంత సంతోషంగా ఉన్నానో నీకు తెలీదు."

పేషెంట్ తనంతట తానే మందు మానేసింది, అన్న వాక్యం షెర్లిన్ ఆఫీసులో ఎన్నిసార్లు టైపు చేసిందో లెక్కలేదు. టైపు చేస్తూ ఆ అమెరికా పేషెంట్లని మనసులో తిట్టుకునేది కూడా. డాక్టరు అంత చెప్పినా ఎందుకు మానేస్తారు అని. పేషెంట్ మాట విని, పేషెంట్ మీద ప్రేమతో, ఆ మందు ఇంకొకళ్ళు ఆపేస్తారని ఆమె చెవుల్లో ఏ డాక్టరూ చెప్పలేదు. తిట్టబోతే ఏడుపు వచ్చింది. అటూ ఇటూ కుర్రాళ్ళు తప్పుకుని పోతుండగా నడిరోడ్డు పక్కన నిలబడి ఏడ్చింది.

"ఈ ఏడాది మొత్తంలో నాకు బాగున్నవి ఆ కొన్ని వారాలే. పొద్దున్న లేస్తే దేవుడు పక్కనే ఉన్నట్టుండేది. అవి కూడా నావి కావంటున్నావు."

"నీవి కాకపోవడమేంటి? నిద్రపోయింది నువ్వే కదా. ఎవరివల్ల పోతే ఏం?"

"ఇప్పుడు వేసుకుంటే, మైకులో అబద్ధం చెప్పినదాన్నవుతాను."

"నువ్వు అబద్ధం చెప్పలేదు. నీకు తెలీదు."

"ఇప్పుడు తెలుసు కదమ్మా" అంది షెర్లిన్.

జ్ఞానకుమారి చీటీ ఇమ్మని చెయ్యి చాపింది. పక్క సందు మొదట్లో మందుల షాపు ఉంటే అక్కడికి కుంటుకుంటూ వెళ్ళింది. షెర్లిన్ వెళ్ళలేదు, వద్దనీ అనలేదు. ఒక్కచోట నిలబడలేక కొబ్బరిబొండాల బండి దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. తనకి తెలియనప్పుడు ఎంత సుఖంగా ఉందో తలుచుకుంటే ఆమెకి సిగ్గేసింది. ఇకనుంచి రోజూ పొద్దున్నే తన నోరు తనే తెరవాలి. నాకు జబ్బు ఉంది అని రోజూ తనతో తనే ఒప్పుకోవాలి. వేసుకోకపోతే సోమవారం మళ్ళీ ఆ లిఫ్టు ముందు నిలబడాలి. రెండింటిలో దేనికీ ఆమె మనసు సిద్ధంగా లేదు.

జ్ఞానకుమారి వచ్చి, మాత్రల అట్ట కూతురి అరచేతిలో పెట్టింది.

"ఈసారి నలపను. వేసుకుంటావో పారేస్తావో నీ ఇష్టం. నేను మాత్రం ఇంక దాచలేను."

షెర్లిన్ దాన్ని బ్యాగులో పడేసుకుని నడిచింది. మధురానగర్‌లో వాళ్ళ ఇల్లు వచ్చేదాకా తల్లి నాలుగడుగులు వెనకే నడిచింది.

వాళ్ళది రెండో అంతస్తు. గుమ్మం దగ్గర తెలియని చెప్పుల జతలు ఉన్నాయి. లోపల దయానందం సోఫాలో నిటారుగా కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో బైబిలు. ఎదురుగా కుసుమకుమారి, ఆమె కొడుకు ఆషెర్. కుసుమకుమారిది మెదక్ వైపు. ఎర్రగడ్డ రైతుబజారు వెనక ఉంటుంది, ఒక లేడీస్ హాస్టల్లో వంట చేస్తుంది, ఆదివారాలు వీళ్ళ చర్చికే వస్తుంది. ఆషెర్ కథ చర్చిలో అందరికీ తెలుసు. డిగ్రీ చదివే రోజుల్లో అతనికి ఎవరూ అనని మాటలు వినపడేవి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో చూపించి మందులు వాడాక కుదురుకుని, అమీర్‌పేటలో కోర్సు మెటీరియల్ అమ్మే జిరాక్సు షాపులో పనికి కుదిరాడు.

సమయానికి వచ్చారంటూ దయానందం లేచాడు. ఎక్కడికెళ్ళారని కూడా అడగలేదు, అంత సంతోషంలో ఉన్నాడు. షెర్లిన్ సాక్ష్యం ఫలించిందన్నాడు. కుసుమకుమారిని చెప్పమని తొందరపెట్టాడు.

"నీ మాటలు ఇన్నప్పటి సంది మావోడు గోళీలు బంద్ చేసిండమ్మ," అంది కుసుమకుమారి. "షెర్లిన్ అక్కకు బీమారి తక్కువ చేసిన దేవుడు నాకు చెయ్యడా అన్నడు. ఇప్పుడు మస్తు హుషారుగున్నడు. గందుకే స్తోత్రం చెప్పి పోదామని వచ్చినం."

ఆమె నవ్వుతూనే ఉంది. మాట అయిపోయాక కూడా ఆ నవ్వు పోలేదు. అంతసేపూ కొడుకు మణికట్టు పట్టుకునే ఉంది.

షెర్లిన్ ఆషెర్‌ని చూసింది. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఏ వస్తువు మీదా నిలబడటం లేదు. కుడికాలు ఆడుతోంది. ఆ కాలుని చూడగానే ఆమె తన కాలు వెనక్కి లాక్కుంది. నిద్రపోతున్నాడా ఆంటీ అని అడిగింది. రాత్రంతా ప్రార్థన చేసుకుంటూ కూర్చుంటాడని చెప్పింది కుసుమకుమారి. దయానందం స్తోత్రం అన్నాడు. పనికి వెళుతున్నాడా అని అడిగింది షెర్లిన్. షాపువాళ్ళు కొన్నాళ్ళు రావద్దన్నారట.

ఇంక ఆలస్యమెందుకని దయానందం అందర్నీ తలలు వంచమన్నాడు. షెర్లిన్‌ని ఆషెర్ తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యమన్నాడు. ఆమె అతని కుర్చీ వెనక్కి వెళ్ళి చెయ్యి పెట్టింది. అతని తల వేడిగా ఉంది. అందరూ కళ్ళు మూసుకుని ఎదురుచూస్తున్నారు. ఎప్పుడూ ధారాళంగా వచ్చే మాటలు ఒక్కటీ రాలేదు. ఆషెర్ ఒక్కడు కళ్ళు తెరిచే ఉన్నాడు. తల పైకెత్తి, ఆమె ఏం చెబుతుందా అని చూస్తున్నాడు. వేసుకోవాలా వద్దా అని ఇంతసేపూ తనకోసం కొట్టుకున్న షెర్లిన్‌కి, ఈ చెయ్యి ఇక్కడ ఉండగా నోరు మూసుకుంటే ఏమవుతుందో ఒక్కసారిగా అర్థమైంది. భయమేసింది. ఈసారి దానికి కారణం ఉంది.

"అమ్మా, మంచినీళ్ళు ఇస్తావా?"

జ్ఞానకుమారి కళ్ళు తెరిచింది. కూతురి మొహం చూసింది, మొగుడి మొహం చూసింది. వంటింట్లోకి వెళ్ళి గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి, అందరి మధ్యగా నడిచి వచ్చి, షెర్లిన్ చేతికిచ్చింది. షెర్లిన్ బ్యాగులోంచి అట్ట తీసి ఒక మాత్ర నొక్కింది. ఆ చిన్న చప్పుడుకి మిగతా ఇద్దరూ కళ్ళు తెరిచారు. వాళ్ళు చూస్తుండగానే మింగింది.

"ఆంటీ, నాకు తగ్గింది దీనివల్ల. ఆరోజు మైకులో చెప్పినప్పుడు నాకు తెలీదు, ఇవాళే తెలిసింది. ఆషెర్ మాత్రలు మాన్పించొద్దు. ఇవాళే డాక్టరు దగ్గరికి తీసుకెళదాం, నేను వస్తాను."

దయానందం ఏదో వేళాకోళం అనుకున్నట్టు భార్య వైపు చూశాడు.

"నిజమేనండీ," అంది జ్ఞానకుమారి. "దానికి చెప్పకుండా నేనే రోజూ జావలో కలిపి ఇచ్చాను."

ఆయన సోఫాలో కూర్చున్నాడు.

"ఆ జావగిన్నె మీద చెయ్యిపెట్టి పొద్దున్నే ప్రార్థన చేసింది నేనే కదా," అన్నాడు. "చేసి నేనే కదా దానికి అందించాను." ఎవర్నీ తిట్టడం లేదు. తనకి తనే చెప్పుకుంటున్నట్టుంది.

అప్పుడు కుసుమకుమారి నవ్వు పోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"స్తోత్రం చెప్పనీకి రాలేదమ్మ నేను. భయమై వచ్చిన. వారం సంది కన్ను మూస్తలేడు. గోళీలు వేస్కో బిడ్డా అంటే, షెర్లిన్ అక్క వేస్కోలే గద అంటడు. నువ్వు చెప్తెనే ఇంటడు. జర చెప్పమ్మ వానికి."

షెర్లిన్ ఆషెర్ ముందుకొచ్చి కింద కూర్చుంది. నీ మందులు నీకు కావాలి, నాకు కావాల్సినట్టే అని చెప్పింది. అతను శ్రద్ధగా విన్నాడు. తల్లి చేతిలోంచి మణికట్టు మెల్లగా విడిపించుకున్నాడు.

"అందరి ముంగట చెప్పినవ్ గద అక్క," అన్నాడు. గొంతులో కోపం లేదు. "నాకు ఆడ చెప్పినవ్, ఈడ కాదు. గీ ఇంట్ల నలుగురి ముంగట చెప్తే నేనెట్ల నమ్మాలె? నీది తప్పయితే అది సుత ఆ మైకులనే చెప్పు. రేపు ఐతారమే గద. అప్పుడు వేస్కుంట. అందాక ముట్ట."

కుసుమకుమారి బతిమాలింది. జ్ఞానకుమారి ఇప్పుడొక్కటి వేసుకో బాబూ అంది. అతను తల అడ్డంగా ఊపాడు. రేపటిదాకా ఆగే పరిస్థితి కాదని ఆ కళ్ళు చూస్తే తెలుస్తోంది, రేపు కూడా షెర్లిన్ చెప్పకపోతే ఇంకెవరు చెప్పినా వినడనీ తెలుస్తోంది. చర్చి నిండా జనం. ఆమె కోసం కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళు, ఫోను చేసినవాళ్ళు, బెల్టు చూసినవాళ్ళు.

"చెబుతాను," అంది షెర్లిన్.

సోఫా కిర్రుమంది. దయానందం లేచాడు. ఆదివారం ఆరాధనలో ఎవరు ముందుకు రావాలో, ఎవరి తర్వాత ఎవరు మాట్లాడాలో పాస్టరుగారికి చెప్పేది ఆయనే. కార్యదర్శి ఒప్పుకోకుండా ఆ మైకు ఎవరి చేతికీ రాదు. ఆయన టెలిఫోను బల్ల దగ్గరికి నడిచి, ఎవరివైపూ చూడకుండా నంబరు తిప్పాడు. అవతల ఎత్తేదాకా రిసీవరు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"వందనాలు అయ్యగారూ. దయానందాన్ని. రేపు సాక్ష్యాల దగ్గర మా అమ్మాయి..."

అని ఆగిపోయాడు. తిరిగి కూతురి వైపు చూశాడు. అవతల పాస్టరుగారు, చెప్పండి దయానందంగారూ, మీ అమ్మాయి ఏమిటి అని అడుగుతున్నది గదిలో అందరికీ వినపడుతోంది.